నీడ వరస

మేస్టారు పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. ఒళ్ళో ఎండు నెత్తళ్ళ గంప పెట్టుకుని శ్రీకాకుళం వెళ్తున్నాను. వెనక సీట్లో కూర్చున్న శ్రీకూర్మం ఊరాయన ఎవరితోనో అంటున్నాడు. "తాబేళ్ళ మేస్టారు లేరూ, ఆయన పోయి పన్నెండు రోజులైపోనాది. ఆఖరిదాకా మనిషి నడుస్తూనే ఉన్నాడు."

నేను వెనక్కి తిరగలేదు. శ్రీకాకుళంలో దిగితే ఎదురుగానే శ్రీకూర్మం బస్సు ఆగి ఉంది. కండక్టరు పిలుస్తున్నాడు కూడా. ఆ ఇంటికి వెళ్ళి ఆయన కూతురి చేతులు పట్టుకుని రెండు మాటలు చెప్పాల్సిన మనిషిని. గంప నెత్తినెత్తుకుని బజారుకేసి నడిచాను. ఎండు చేపల గంపతో ఆ ఇంటికి ఎలా వెళ్తానని నాకు నేను చెప్పుకున్నాను. గంప లేని రోజులు ఆ తరవాత చాలా వచ్చాయి. అప్పుడూ వెళ్ళలేదు.

ఈ నెల్లో మా కోడలు ఆయన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టకపోతే ఇది రాసేదాన్నీ కాదు.

మా పేట సముద్రం ఒడ్డున ఉంది. ఒడ్డుకి ఎగువన వెదురు కంచె వేసిన చోటు ఒకటి ఉంది. హేచరీ అని బోర్డు కట్టారుగానీ మేమందరం గుడ్ల దొడ్డి అంటాం. చలికాలం దాటుతుంటే తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. కుక్కలూ నక్కలూ తవ్వెయ్యకుండా ఆ గుడ్లు తెచ్చి దొడ్డిలో మళ్ళీ ఇసకలో పాతిపెడతారు. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు పైకొస్తాయి. వాటిని సముద్రంలో వదిలేస్తారు. ఇప్పుడు అందులో మా కోడలు పని చేస్తోంది. అప్పట్లో నేను చేసేదాన్ని, చేపల పని చూసుకుంటూనే.

మేస్టారికి అది ఉద్యోగం కాదు. సైన్సు మేస్టారుగా రిటైరయ్యాక తనంతట తానే వచ్చేవారు. శ్రీకూర్మంలో గుడి సేవ చేసుకునే వాళ్ళింటి మనిషి. దొడ్డి గేటు దగ్గర చెప్పులు విడిచి, కాలే ఇసకలో పిల్లిలా గెంతుతూ లోపలికొచ్చేవారు.

"ఇదేటన్నా గుడా మేస్టారూ? కాళ్ళు బొబ్బలెక్కిపోతాయి, సెప్పులేసుకోండి" అనేదాన్ని.

"దేవుడూ తాబేలే, పనీ తాబేలే నూకాలమ్మా. చెప్పులు ఎక్కడ వేసుకోవాలో, ఎక్కడ విప్పాలో తెలియకుండా పోయింది నాకు" అనేవారు.

చేపల వాసన ఆయనకి పడేది కాదు. దొడ్డి పక్కనే మేం చేపలు ఆరబోసుకుంటాం. గాలి అటు తిరిగిందంటే చాలు, ఆయన కళ్ళు మూసుకునేవారు. ముక్కు మూసుకుంటే మాకు బాధ కలుగుతుందని కాబోలు. నాకు అది ఎంత నవ్వొచ్చేదో.

"వాసనొస్తే ముక్కు మూసుకోవాలి గానీ కళ్ళు మూసుకుంటారేటి మేస్టారూ?"

"ముక్కు మూస్తే ఊపిరి ఆడదు కదమ్మా. కళ్ళు మూసుకుంటే చేపలు లేవనుకోవచ్చు."

గొడుగు తెచ్చుకునేవారు. అది తన నెత్తి మీద ఎప్పుడూ లేదు. కొత్తగా పాతిన గుడ్ల గుంట మీద గుచ్చి, తాను ఎండలో నిలబడేవారు. చొక్కా జేబులో థర్మామీటరు, చంకలో అట్ట పుస్తకం. గుంట పక్కన ఇసకలోకి దించిన సన్న గొట్టంలో థర్మామీటరు దారంతో వేలాడదీసి, కాసేపుంచి, పైకి లాగీలాగగానే చదివి రాసేవారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఏదో జ్వరం పడ్డ పసిపిల్లకి చూసినట్టు చూసేవారు.

ఒకరోజు అడిగేశాను. "గుడ్లకి జొరమేటి మేస్టారూ, పూట పూటా సూస్తన్నారు?"

అప్పుడు ఆయన నన్ను నీడలో కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. జన్యు వ్యక్తీకరణ. ఐదో తరగతితో చదువాపేసిన నా చేత మూడుసార్లు పలికించారు.

"మనుషుల్లో ఆడా మగా అన్నది తల్లి కడుపులో పడినప్పుడే తేలిపోతుంది. ఈ తాబేళ్ళకి అలా కాదు. ప్రతి గుడ్డులోనూ ఆడపిల్లని చేసే జన్యువులూ ఉంటాయి, మగపిల్లాడిని చేసేవీ ఉంటాయి. ఇసక వేడిని బట్టి కొన్ని పని మొదలుపెడతాయి, కొన్ని ఊరుకుంటాయి. వేడెక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి. జన్యువు లోపల ఉండటం వేరు, అది పని చేయటం వేరు. ఆ పని చేయటానికే ఈ పేరు."

నేనన్నాను. "నాకు యాభై కూరలొచ్చు మేస్టారూ. యాభై నాతోనే ఉన్నాయి. ఇవాళ పొయ్యెక్కింది మాత్రం ఒకటే. పడవ ఏటి తెస్తే దాన్ని బట్టి కూర. అలాంటిదేనా?"

మేస్టారు నా మొహంలోకి చూసి పెద్దగా నవ్వారు. "ఇన్నేళ్ళు క్లాసులో నిలబడి ఇంత సుళువుగా నేను చెప్పలేకపోయానే!" అని పుస్తకం తీసి రాసుకున్నారు. "ఒక్కటే తేడా. నువ్వు రేపు ఇంకో కూర వండుకుంటావు. ఇవి అలా కాదు. యాభై రోజుల్లో నడిమి పదిహేను రోజులున్నాయి చూడు, అప్పుడు ఏది మొదలైతే జన్మంతా అదే."

ఆ వారం బడి పిల్లలు దొడ్డి చూడ్డానికి వచ్చారు. మేస్టారు వాళ్ళకి నా కూరల మాటే చెప్పి, చేపలు తిరగేస్తున్న నన్ను పిలిచి, "ఈ మాట నాది కాదు, ఈవిడది" అన్నారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నా చేతుల నిండా పొలుసు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి దాచుకున్నాను.

అప్పటినుంచి ఆయన పలకరింపు మారిపోయింది. కూర వాసన కూడా తట్టుకోలేని మనిషి, గేటు దగ్గరే అడిగేవారు. "ఏం నూకాలమ్మా, ఈ రోజు ఏది పొయ్యెక్కింది?"

నేనూ ఆ పెద్ద మాటని ఎక్కడపడితే అక్కడ వాడెయ్యడం మొదలుపెట్టాను. మా ఆయన వల చిరిగిందని అరుస్తుంటే, "అదిగో, ఆల నాన్న కోపం ఈనకి జన్యు వ్యక్తీకరణ అయిపోనాది" అన్నాను.

మేస్టారు నవ్వలేదు. "అలా వాడకమ్మా. కోపం ఒక జన్యువు పనా, కల్లు పనా, చిరిగిన వల పనా, మనకేం తెలుసు? తెలియని చోట ఆ మాట వేస్తే శాస్త్రం లాగా వినిపించే అబద్ధం అవుతుంది. తెలియకపోతే తెలియదని చెప్పు. అది చిన్నతనం కాదు."

ఆయన ఎందుకంత పట్టుగా ఉన్నారో చెప్పాలి. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. ఇలా అయితే దొడ్డిలో పుట్టేవన్నీ ఆడపిల్లలే అవుతాయని ఆయన భయం. మగవి లేకపోతే ఆ ఆడవి పెద్దవై ఒడ్డుకొచ్చినా గుడ్లు ఉత్తివే. దొడ్డి మొత్తానికి పందిరి వెయ్యమని ఆఫీసు చుట్టూ తిరిగారు. "నీడకి ఇసకలో తేడా వస్తుందని ఒక సీజను లెక్క రాసి చూపించండి, అప్పుడు చూద్దాం" అన్నారట వాళ్ళు.

అందుకని ఆ యేడు రెండు వరసలు పెట్టారు. ఒకే వారంలో దొరికిన గుడ్లని సగం ఎండ వరసలో, సగం నీడ వరసలో పాతించారు. నీడ వరస మీద కర్రలు పాతి కొబ్బరాకు తడకలు ఆరు కట్టాం. నేనే అల్లాను. థర్మామీటరు మీద ముప్పై అంకె దగ్గర ఎర్ర దారం చుట్టారు ఆయన. "పాదరసం దీన్ని దాటి పైనే ఉండిపోతే ఆడపిల్లల వైపు మొగ్గుతున్నట్టు లెక్క" అన్నారు.

సరిగ్గా నడిమి రోజులొచ్చేసరికి ఆయనకి కంటి ఆపరేషను పడింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముందు ఒకటి తీస్తారు. పది రోజులు ఎండలోకి, దుమ్ములోకి రాకూడదన్నారు. వెళ్తూ థర్మామీటరు, పుస్తకం, పెన్సిలు నా చేతిలో పెట్టారు.

"ఇసక వేడి చెప్పే మాట గుడ్లు వినే రోజులు ఇవేనమ్మా. నీడ కదలకూడదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం."

"మీరు కళ్ళు బాగు సేయించుకోండి మేస్టారూ. ఇక్కడ నాను లేనూ?"

"ఒకవేళ ఎప్పుడైనా కుదరలేదనుకో, ఆ గడిలో అంకె వేయకు. 'చూడలేదు' అని రాయి. అది తప్పు కాదు. ఎవరూ నిన్ను అనరు."

మొదటి మూడు రోజులూ అక్షరం పొల్లుపోకుండా చేశాను. నాలుగో రోజు నెత్తళ్ళు పడ్డాయి. అలాంటి వేట ఎన్నో ఏళ్ళకొకసారి. ప్రతి పడవా నిండి వచ్చింది. ఒడ్డంతా వెండి పోసినట్టుంది. అంతకుముందు పడ్డ వానకి ఇసక తడి తడిగా ఉంది. తడి ఇసకలో ఆరబోస్తే చేపకి ఇసక అంటుకుంటుంది, పొట్ట పగులుతుంది. గజపతినగరం షావుకారు ముందే కబురెట్టాడు, ఇసక లేని సరుకైతేనే తీసుకుంటానని. అందరూ చాపలూ చీరలూ వలలూ ఏది దొరికితే అది పరిచేస్తున్నారు. నాకు పరవడానికేం మిగల్లేదు. తలెత్తితే ఎదురుగా నీడ వరస మీద ఆరు తడకలు, నా చేత్తో అల్లినవి.

ఒక్క క్షణం ఆగాను. అబద్ధమాడను, ఆగాను. కానీ మాకు చిన్నప్పటినుంచి ఒక తెలివుంది. ఎండాకాలం కుండ మోచేతి లోతు ఇసకలో పాతితే నీళ్ళు చల్లగా ఉంటాయి. పైన కాళ్ళు కాలిపోతున్నా కింద చల్లనే. గుడ్లున్నదీ ఆ లోతే కదా, పై ఎండ వాటిని ఏం చేస్తుందిలే అనుకున్నాను. తడకలు విప్పి పరిచి చేపలు పోశాను. సాయంత్రం దులిపి మళ్ళీ కట్టేశాను.

ఆ సాయంత్రం థర్మామీటరు పైకి లాగితే పాదరసం దారానికి కాస్త దిగువనే ఉంది. చూశావా, నేనన్నదే నిజం అనుకున్నాను. మర్నాడు మళ్ళీ విప్పాను. సాయంత్రానికి దారం దాటింది. మూడో రోజు బాగా దాటింది. కుండలో నీళ్ళు చల్లగా ఉండేది ఒక పూట. రోజుల తరబడి కొట్టే ఎండ కింద దాకా దిగుతుందని నాకప్పుడు అర్థమైంది.

అర్థమయ్యాకైనా తడకలు తెచ్చి కట్టాలా? కట్టలేదు. చేప సగం ఆరి ఉంది. ఇంకా వస్తూనే ఉంది. నేను చేసిందేమిటంటే, థర్మామీటరు లాగి చూడడం మానేశాను. వెనక పేజీలో అంకెలు చూసి వాటినే కొంచెం అటూ ఇటూ మార్చి ముందు పేజీ గళ్ళు నింపాను. తడకలు విప్పిన మొదటి రెండు రోజుల అంకెలు కూడా చెరిపి, తగ్గించి రాశాను. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిదిన్నర, ఇరవై తొమ్మిది. అంకెలు మాత్రం ముత్యాల్లా రాశాను. అలా ఆరు రోజులు. 'చూడలేదు' అని రాయొచ్చని గుర్తుంది. రాస్తే ఎందుకు చూడలేదని అడుగుతారు కదా. నన్ను పిల్లల ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించిన మనిషి.

పదో రోజు దాటాక మేస్టారు వచ్చారు. మొహానికి నల్ల కళ్ళజోడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, సరాసరి నీడ వరస కిందికి నడిచి, తలెత్తి నిలబడ్డారు. తడకలు ఎప్పటిలాగే కట్టి ఉన్నాయి. నీళ్ళతో కడిగాను కూడా. కానీ నెత్తళ్ళ వాసన కొబ్బరాకుని అంత తొందరగా వదలదు. ఆ రోజు గాలి సముద్రం వైపుకి ఉంది. ఒడ్డున ఆరబోసిన చేప ఒక్కటి లేదు. వాసన రావడానికి పైనున్న తడకలు తప్ప వేరే చోటు లేదు.

నల్ల అద్దాల వెనక ఆయన కళ్ళు మూసుకున్నారో లేదో నాకు కనబడలేదు.

"తడకలు బాగున్నాయా నూకాలమ్మా?"

"ఎలాగ కట్టినవి అలాగే ఉన్నాయి మేస్టారూ."

పుస్తకం తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, గడి గడీ వేలితో చూసుకుంటూ వెళ్ళారు.

"రోజూ చూశావా?"

"మూడు పూటలా సూసినాను."

వేలు పేజీ చివర ఆగింది. "ఏ ఒక్కరోజైనా కుదరకపోతే చెప్పమ్మా. గడి ఖాళీగా ఉంటే నష్టం లేదు."

మూడోసారి అడిగారు. ఇప్పుడు తలుచుకుంటే నాకు తెలుస్తోంది, ఆయన నా కోసం తలుపు మూడుసార్లు తెరిచి పట్టుకున్నారు. నేను లోపలే నిలబడ్డాను.

"కుదరకపోవడమేటి మేస్టారూ, నానిక్కడే ఉన్నాను కదా!" అని గట్టిగా కూడా అన్నాను, నింద పడ్డట్టు.

"సరే" అన్నారు.

అంతే. ఆ సీజను చివరిదాకా వచ్చారు. పిల్లలు పైకొచ్చిన పొద్దున రెండు వరసల పిల్లల్నీ విడివిడిగా లెక్కపెట్టి సముద్రంలో వదిలారు. తాబేలు పిల్లని చూసి ఆడో మగో చెప్పలేం. అన్నీ ఒకేలా, అరచేతిలో నల్లగా, కాళ్ళు కొట్టుకుంటూ ఉంటాయి. "ఏది ఏదో దాని లోపలి జన్యువులకే తెలుసు" అన్నారు మెల్లగా, నాతో కాదు, నీళ్ళకేసి చూస్తూ. నన్ను ఏది పొయ్యెక్కిందని మాత్రం మళ్ళీ అడగలేదు.

వానాకాలంలో ఆఫీసు వాచ్‌మన్ ఒడ్డుకి చేపలకొచ్చి నవ్వుతూ చెప్పాడు. "మీ మేస్టారికి మతి పోనట్టుంది గదే నూకాలూ. అంత పుస్తకం సంకలో ఎట్టుకొచ్చినాడు. తీరా సారు అడిగితే, నీడ వరస గురించి నేను సెప్పడానికేటీ లేదండి అని లేసి ఎలిపోనాడు."

"పెద్దాయన కదా, మర్చిపోయుంటాడు" అన్నాను నేను. ఆ మాట కూడా నా నోటితోనే అన్నాను.

పందిరి రాలేదు. మరుసటి యేడు ఆయన ఒంట్లో బాగోలేక రెండుసార్లే వచ్చారు. ఆ తరవాతి యేడు అదీ లేదు. మళ్ళీ రెండు వరసలు పెట్టే ఓపిక ఆయనకి రాలేదు. దొడ్డి అలాగే ఎండలో ఉండిపోయింది. ఎన్ని సీజన్లు, ఎన్ని గుంటలు, అందులో ఎన్ని ఆడవో, మగవి అసలున్నాయో లేవో నాకు తెలియదు. తెలియదనే చెప్పాలి.

ఈ నెల్లో మా కోడలు దొడ్డి పాకలో రేకు పెట్టె దులుపుతుంటే అడుగున ఆ అట్ట పుస్తకం దొరికింది, ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయనే పెట్టి వెళ్ళినట్టున్నారు. ఇంటికి తెచ్చింది.

"అత్తా, ఇది మేస్టారిదే గదా? నీ పేరు కూడా ఉన్నాది సూడు."

చూశాను. ఒక పేజీ అడుగున ఆయన గుండ్రటి రాతలో ఉంది. నాకు యాభై కూరలొచ్చు, పొయ్యెక్కింది ఒకటే, పడవ తెచ్చినదాన్ని బట్టి. దాని కింద, నూకాలమ్మ చెప్పింది.

ముందుకి తిప్పాను. నా ముత్యాల్లాంటి అంకెలున్న పేజీ వచ్చింది. ఆ ఆరు రోజుల మీద అడ్డంగా సన్నటి గీత ఒకటి గీసి ఉంది. కొట్టేసినట్టు కూడా కాదు, పెన్సిలు ఆనీ ఆననట్టు. పక్కన తెలుగులో రాసి ఉంది. "ఈ ఆరు రోజులు నేను చూడలేదు. నీడ వరసను లెక్కలోకి తీసుకోకూడదు."

సరిగ్గా ఆరు రోజులే. నేను నిజంగా చూసి రాసిన మొదటి మూడు రోజుల జోలికి పోలేదు. నా దొంగ అంకెల్ని ఒక్కొక్కటీ పోల్చుకున్నారు. ఆరు రోజుల పాటు వరసగా ఆ అంకెల చుట్టూనే తిరిగే ఇసక ఎక్కడా ఉండదని ఆయనకి తెలియదా? వాసనతో అనుమానం వచ్చి, అంకెలతో రూఢి చేసుకుని ఉంటారు. అయినా ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక్క ముక్క లేదు. నేను చూడలేదు అని తన మీద వేసుకున్నారు. నా పేరు ఆ పుస్తకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది, కూరల దగ్గర.

"ఏటత్తా, అలాగైపోనావు?" అంది కోడలు.

చెప్పాను. తడకల సంగతి, దారం దాటిన సంగతి, అంకెల సంగతి. మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పనిది. కోడలు చీపురు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. అది సౌమ్యంగా మాట్లాడే పిల్ల కాదు.

"నువ్వా అత్తా? పూటకోసారి నన్ను దొబ్బలాడతావు గదా, సూసే రాసినావా, సూసే రాసినావా అని!"

"అందుకే దొబ్బలాడతాను."

"మరి ఆయన బతికున్నప్పుడు సెప్పలేకపోనావా? శ్రీకూర్మమేటి, సీమ దేశమా?"

పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, "పెన్సిలియ్యి" అన్నాను.

"ఇప్పుడు రాస్తే ఏటి లాభం? ఆ పిల్లలు ఎప్పుడో సముద్రంలోకి ఎలిపోనాయి. ఆయనా ఎలిపోనాడు."

"ఇయ్యవే."

ఆయన రాసిన దాని కింద కొంచెం చోటుంది. మొదలుపెట్టాను. తడకలు విప్పింది నూకాలమ్మ. నెత్తళ్ళు ఆరబెట్టడానికి. అంతవరకూ రాసేసరికి పెన్సిలు ముల్లు విరిగింది. ఇంట్లో బ్లేడు లేదు. పొద్దున కవళ్ళ చేపలు కోసిన కత్తిపీట అక్కడే ఉంటే దాని మీదే పెన్సిలు చెక్కుకుని మిగతాది రాశాను. దారం దాటింది. చూసి కూడా వేరే అంకెలు వేశాను. మేస్టారు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అబద్ధం చెప్పాను.

రాసి, పేజీని మొహానికి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చదువుకున్నాను. కాగితానికి నా చేతుల వాసన అంటుకుంది. చేపల వాసన. ఆయనుంటే కళ్ళు మూసుకునేవారు.